పక్కింటి దీవి శ్రీలంక: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో విమానం ఎక్కితే గంటన్నరలో కొలంబోలో దిగొచ్చు. ఇంత దగ్గరున్న దేశం గురించి మనకు గుర్తొచ్చేవి మాత్రం రావణుడు, క్రికెట్, ఒకప్పుడు టీవీలో చూసిన యుద్ధం. రెండువేల ఏళ్లుగా నీళ్లు నింపుకుంటున్న అక్కడి చెరువుల గురించీ, కృష్ణాతీరంతో ఆ దీవికున్న పాత చుట్టరికం గురించీ మనవాళ్లు మాట్లాడుకోవడం తక్కువ. తెలిసినవాళ్లు శ్రీలంక గురించి ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను. కొన్నిటికి రెండు మాటలే సరిపోయాయి, కొన్నిటి దగ్గర ఆగాల్సి వచ్చింది.

ఎంత దేశం అది? ఎవరెవరు ఉంటారు?

విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగం కన్నా కాస్త ఎక్కువ. జనాభా రెండు కోట్ల పైచిలుకు. నలుగురిలో ముగ్గురు సింహళీయులు. మిగతావాళ్లలో ఎక్కువమంది ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో తరతరాలుగా ఉంటున్న తమిళులు, ముస్లింలు, తేయాకు తోటల కోసం ఇక్కడినుంచి వెళ్లిన మలయహ తమిళులు. వీళ్లందరికన్నా ముందునుంచీ ఆ అడవుల్లో బతికినవాళ్లు వెద్దాలు.

రాజధాని కొలంబోయేనా?

వ్యాపారానికి కొలంబో. చట్టసభ ఉన్న అధికారిక రాజధాని పక్కనే ఉన్న శ్రీ జయవర్ధనపుర కోట్టె. అక్కడి పార్లమెంటు భవనం చెరువు మధ్యలో దీవిలా ఉంటుంది. దాన్ని గీసిన వాస్తుశిల్పి జెఫ్రీ బావా. 1982లో తెరిచారు.

ఒకే దేశానికి అన్ని పేర్లెందుకు?

ఓడల్లో వచ్చినవాళ్లందరూ తలా ఒక పేరు పెట్టారు. పాళీలో తంబపణ్ణి, సంస్కృతంలో తామ్రపర్ణి. గ్రీకులు దాన్ని తాప్రోబేన్ చేసుకున్నారు. అరబ్బు వర్తకులు సెరెందీబ్ అన్నారు. ‘సింహళ’ నుంచి పోర్చుగీసువాళ్ల నోట సైలావ్, ఇంగ్లీషువాళ్ల నోట సిలోన్ వచ్చాయి. అనుకోకుండా మంచి వస్తువు దొరకడాన్ని ఇంగ్లీషులో ‘సెరెండిపిటీ’ అంటారు కదా, ఆ మాట పుట్టింది సెరెందీబ్ నుంచే. 1754లో హొరేస్ వాల్పోల్ అనే రచయిత ఒక ఉత్తరంలో మొదట వాడాడు. 1948 ఫిబ్రవరి 4న స్వాతంత్ర్యం వచ్చినప్పుడు దేశం పేరు సిలోనే. 1972 మే 22న రిపబ్లిక్ అయినప్పుడు శ్రీలంక అయింది.

రావణుడి లంక ఇదేనా?

ఇది విశ్వాసానికి సంబంధించిన ప్రశ్న కాబట్టి రెండు విషయాలు విడివిడిగా చెబుతాను. రామాయణ స్థలాలుగా ఇప్పుడు చూపించే చోట్లకు యాత్రికులు నిజంగానే భక్తితో వెళుతున్నారు. నువర ఎలియ దగ్గర సీతా ఎలియలో ఏటి ఒడ్డున సీతమ్మ గుడి ఉంది. శ్రీలంక వైపున్న మన్నారు నుంచి రామేశ్వరం దాకా ఉన్న సున్నపురాతి తిన్నెలను మనం రామసేతువు అంటాం. ఇవన్నీ నిజమే. కానీ పురావస్తు తవ్వకాలు రావణుడి రాజ్యాన్ని బయటపెట్టలేదు. సింహళ చరిత్ర గ్రంథం మహావంశం దేశచరిత్రను రావణుడితో కాక, భారతదేశం నుంచి పడవలో వచ్చిన విజయుడితో మొదలుపెడుతుంది.

మనకు ఇంకో దారిలో కూడా ఆ దీవి తెలుసు. అష్టాదశ శక్తిపీఠాల శ్లోకం ఎలా మొదలవుతుంది? ‘లంకాయాం శాంకరీ దేవి’ అని. అలంపురం జోగులాంబ, శ్రీశైలం భ్రమరాంబ, పిఠాపురం పురుహూతిక కన్నా ముందు చదివేది ఆ అమ్మవారి పేరే. సంప్రదాయం ఆ పీఠాన్ని తూర్పు తీరంలోని తిరుకోణమలైలో (ట్రింకోమలీ), కోణేశ్వర స్వామి కొండమీద చెబుతుంది. అక్కడి పాత ఆలయాన్ని 17వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు పడగొట్టారు. ఇప్పుడున్నది తర్వాత కట్టినది.

మన ప్రాంతంతో చారిత్రక సంబంధం ఏదైనా ఉందా?

ఉంది, రాతి మీద రాసి ఉంది. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలం నాటి శాసనం, అంటే 3వ శతాబ్దానిది, బోధిశ్రీ అనే ఉపాసిక చేసిన దానాలను వివరిస్తుంది. తంబపణ్ణి నుంచి వచ్చిన థేరవాద భిక్షువుల కోసం ఆమె చైత్యగృహం కట్టించింది. అదే శాసనంలో సింహళ విహారం పేరు కూడా ఉంది. కృష్ణ ఒడ్డున లంక సన్యాసులకు బస ఉండేదన్నమాట. ఇటునుంచి అటు శిల్పాలు కూడా వెళ్లాయి. పల్నాటి సున్నపురాయి మీద అమరావతి శైలిలో చెక్కిన శిల్పాలు శ్రీలంక తవ్వకాల్లో దొరికాయి. లంక పాత రాజధాని అనూరాధపురంలోని పాత బుద్ధవిగ్రహాల్లో ఒంటిని అంటుకున్న వస్త్రపు ముడతలు చూస్తే అమరావతి గుర్తొస్తుంది.

ఇంకొకటి. బుద్ధుడి దంతం లంకకు చేరింది కళింగంలోని దంతపురం నుంచి అని సంప్రదాయం. 4వ శతాబ్దంలో హేమమాల అనే రాకుమారి దాన్ని జడలో దాచి, భర్త దంతకుమారుడితో ఓడలో తెచ్చిందట. ఆ దంతపురం శ్రీకాకుళం జిల్లాలోని దంతవరపుకోటేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. మిగతావాళ్లు ఒడిశాలో వేరే చోట్లు చూపిస్తారు.

శ్రీలంకలో తప్పక తెలుసుకోవాల్సింది ఒక్కటే చెప్పమంటే?

చెరువులు. సముద్రం, బీచ్‌లు తర్వాత.

దీవికి నైరుతి మూల తడి నేల. ఉత్తరం, తూర్పు, మధ్యభాగం ఏడాదిలో చాలా నెలలు ఎండిపోయే నేల. పాత రాజధానులు అనూరాధపురం, పొలొన్నరువ రెండూ ఈ ఎండు నేల మీదే ఉన్నాయి. అంటే అక్కడ రాజ్యం నిలబడాలంటే ముందు నీళ్లు నిలబడాలి. సింహళంలో చెరువును ‘వెవ’ అంటారు. మన కవులు వాడే ‘వాపి’యే ఆ మాటకు మూలం.

పల్లెల్లో చెరువులను ఒకదాని కింద ఒకటి కట్టుకుంటూ పోయారు. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది, పై పొలాల్లో వాడిన నీళ్లు మళ్లీ కింది చెరువులోకే వస్తాయి. ఇవి మన గొలుసుకట్టు చెరువులే. కాకతీయుల చెరువుల కింద పంట పండించిన ఊళ్లవాళ్లకు దీన్ని వివరించాల్సిన పని లేదు. అక్కడివాళ్లు ఎల్లంగావ అంటారు. చెరువు చుట్టూ ఉండే ఏర్పాటు చూడండి. ఎగువన గాలిని ఆపి ఆవిరిని తగ్గించడానికి చెట్ల వరుస. నీళ్లు లోపలికి వచ్చే దారిలో పూడికను పట్టే గడ్డిపట్టీ. కట్టకు దిగువన, పొలానికి ముందు, ఊటనీటిలోని ఉప్పును పీల్చే మరో చెట్ల పట్టీ. ఒక్కోదానికి ఒక్కో పేరు, దాన్ని కాపాడుకోవడానికి ఊరి కట్టుబాటు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఈ పద్ధతిని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ‘బెత్మ’ అనే ఆచారం. కరువొచ్చి చెరువులో నీళ్లు సగమే ఉన్న ఏడు ఆయకట్టంతా సాగుచేయరు. తూముకు దగ్గరున్న భాగాన్ని మాత్రం ఎంచుకుని, ఆ భూమి ఎవరిదైనా సరే, రైతులందరికీ తాత్కాలికంగా పంచుతారు. ఆ ఏడాదికి అందరికీ కాసిని గింజలు దక్కుతాయి. చివరి పొలంవాడు ఎండిపోడు.

పెద్ద చెరువులది ఇంకో కథ. కట్ట ఎత్తు పెరిగేకొద్దీ అడుగున నీటి ఒత్తిడి పెరిగి తూము పగిలిపోతుంది. దీనికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం ‘బిసోకొటువ’. కట్ట లోపల రాళ్లతో చతురస్రంగా కట్టిన బావి లాంటిది. నీటి వేగం అందులో విరిగి, కావలసినంతే బయటికి వెళుతుంది. పందొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ నీటిపారుదల ఇంజినీరు హెన్రీ పార్కర్ దీన్ని పరిశీలించి, ఇప్పటి జలాశయాల్లో వాల్వు గోపురం చేసే పని ఇదేనని రాశాడు.

5వ శతాబ్దంలో ధాతుసేనుడు కట్టించిన కలావెవ నుంచి అనూరాధపురానికి 87 కిలోమీటర్ల కాలువ ఉంది, పేరు జయగంగ. దానిలో ఒక భాగంలో వాలు కిలోమీటరుకు 10 సెంటీమీటర్లే. పరికరాలున్న ఈ రోజుల్లో కూడా అంత సన్నని వాలు తెచ్చుకోవడం తేలిక కాదు. 12వ శతాబ్దపు పరాక్రమబాహు రాజయితే, వాన నీటిలో ఒక్క చుక్క కూడా మనిషికి ఉపయోగపడకుండా సముద్రంలో కలవకూడదన్నాడని వంశచరిత్ర చెబుతుంది. పొలొన్నరువలో ఆయన పేరున్న పరాక్రమ సముద్రం ఇవాళ్టికీ పొలాలకు నీళ్లిస్తోంది.

సిగిరియ కథేమిటి? అంత ఎత్తున కోట ఎందుకు కట్టారు?

ఆ కథ మొదలయ్యేది కూడా కలావెవ దగ్గరే. ధాతుసేనుడి కొడుకు కాశ్యపుడు తండ్రిని బంధించి సింహాసనం ఎక్కాడు. దాచిన ధనం ఎక్కడుందో చూపించమని ఒత్తిడి చేస్తే, ముసలి రాజు కలావెవ దగ్గరికి తీసుకెళ్లి, నీళ్లలో దిగి స్నానం చేసి, దోసిట్లో నీళ్లు ఎత్తి, నాకున్న సంపదంతా ఇదేనన్నాడట. కాశ్యపుడు ఆయన్ని గోడలో పెట్టి చంపించాడని, మహావంశానికి కొనసాగింపైన చూళవంశం రాసింది.

తమ్ముడు మొగ్గల్లానుడు భారతదేశానికి పారిపోయాడు. ఎప్పటికైనా తిరిగొస్తాడన్న భయంతో కాశ్యపుడు (477–495) రాజధానిని అనూరాధపురం నుంచి మార్చి, చుట్టుపక్కల నేలకన్నా 180 మీటర్లకు పైగా లేచిన సిగిరియ బండమీద రాజభవనం కట్టించాడు. సగం ఎత్తులో రాతిగోడ మీద స్త్రీల చిత్రాలు, ఇంకా పైన ఒకప్పుడు సింహం నోట్లోంచి వెళ్లినట్టుండే ద్వారం. ఇప్పుడు సింహం పంజాలు మాత్రమే మిగిలాయి. కింద నీటి తోటల్లోని ఫౌంటెన్లు వానాకాలంలో ఇప్పటికీ చిమ్ముతాయి. పైకి వెళ్లడానికి సుమారు 1,200 మెట్లు. ఉదయం ఏడింటికల్లా మొదలుపెడితే మంచిది, ఎండెక్కితే బండ కాలుతుంది.

చివరికి తమ్ముడు సైన్యంతో వచ్చాడు. యుద్ధంలో కాశ్యపుడి ఏనుగు ఎదురుగా ఉన్న బురదను తప్పించుకోడానికి పక్కకు తిరిగితే, రాజు వెనక్కి తగ్గుతున్నాడనుకుని సైన్యం చెదిరిపోయింది. అతను అక్కడే తన గొంతు కోసుకున్నాడు.

అక్కడికి వెళ్లేవాళ్లను అద్దపు గోడ దగ్గర ఆగమని అడుగుతాను. నున్నగా మెరిసేలా సున్నం పూసిన ఆ గోడమీద వెయ్యేళ్ల కిందటి సందర్శకులు పద్యాలు గీశారు. ఎక్కువగా ఆ చిత్రాల్లోని అమ్మాయిల గురించే. భిక్షువులు, సైనికులు, ఆడవాళ్లు కూడా రాశారు. పురాతత్వవేత్త సెనరత్ పరణవితాన 685 పద్యాలను చదివి 1956లో అచ్చువేశారు. సింహళ కవిత్వంలో మనకు మిగిలిన అతి పాత నమూనాల్లో అవీ ఉన్నాయి.

అనూరాధపురంలో ఏం చూడాలి?

ముందు జయశ్రీ మహాబోధి. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడి కూతురు సంఘమిత్ర బుద్ధగయ రావిచెట్టు కొమ్మను తెచ్చింది. దాన్ని నాటిన చెట్టు ఇదే. మనుషులు నాటిన, నాటిన కాలం తెలిసిన చెట్లలో ఇంతకన్నా పాతది లేదంటారు. రెండువేల రెండువందల ఏళ్లకు పైగా ఏదో ఒక తరం దానికి కాపలా కాస్తూనే ఉంది.

తర్వాత జేతవన స్తూపం. మహాసేన రాజు 3వ శతాబ్దం చివర్లో మొదలుపెట్టాడు. మొదటి ఎత్తు సుమారు 122 మీటర్లు. ఆ కాలంలో ఈజిప్టులోని రెండు పెద్ద పిరమిడ్లే దీనికన్నా ఎత్తు. పూర్తిగా ఇటుకలతో కట్టారు, తొమ్మిది కోట్లకు పైగా పట్టి ఉంటాయని అంచనా. సాయంత్రం రువన్వెలి స్తూపం దగ్గర కూర్చోండి. తెల్ల బట్టల్లో కుటుంబాలు తామర, కలువ పూల పళ్లేలతో వస్తూనే ఉంటాయి. శిథిలమనుకుని వెళ్లిన మనిషికి అది బతికున్న ఊరని అప్పుడు తెలుస్తుంది.

కాండీ చివరి రాజులు తెలుగువాళ్లా?

మూలం తెలుగే. కాండీ అంటే కొండల మధ్య నిలిచిన చివరి సింహళ రాజ్యం. 1739లో వీర నరేంద్రసింహుడు వారసుడు లేకుండా చనిపోయాడు. ఆయన రాణి మధుర నాయక వంశపు ఆడపడుచు. కాండీ ప్రభువులు ఆమె తమ్ముణ్ణే గద్దెనెక్కించారు. విజయనగరం కాలంలో తెలుగునేల నుంచి దక్షిణానికి వెళ్లిన నాయకుల సంతతి అది. అలా నలుగురు రాజులు 1815 దాకా పాలించారు. వాళ్లలో కీర్తిశ్రీ రాజసింహుడు గొప్పవాడు. పుట్టుకతో శైవుల ఇంటివాడైనా, ఆ దేశంలో ఆగిపోయిన భిక్షుదీక్షను నిలబెట్టడానికి సియాం (ఇప్పటి థాయిలాండ్) నుంచి భిక్షువులను పిలిపించాడు. 1753లో అలా మొదలైన సియాం నికాయ ఇప్పటికీ అక్కడి పెద్ద బౌద్ధ శాఖ.

చివరివాడు శ్రీవిక్రమ రాజసింహుడు. కాండీ నడిబొడ్డున ఉన్న చెరువు ఆయన తవ్వించిందే. తన ప్రభువులతోనే చెడి, 1815లో బ్రిటిషువాళ్లకు చిక్కాడు. ఆయన్ని వేలూరు కోటకు తెచ్చి ఉంచారు. 1832లో అక్కడే పోయాడు. వేలూరులో పాలారు ఒడ్డున ఆయన సమాధి మందిరం ఉంది. తిరుపతి నుంచి వేలూరు వెళ్లేవాళ్లు అరగంట కేటాయిస్తే చూసి రావచ్చు.

దంతధాతువు ఉన్నది కాండీలోనే. జూలై, ఆగస్టుల్లో జరిగే ఎసల పెరహెర ఊరేగింపులో అలంకరించిన ఏనుగుల వరుస, డప్పులు, కాగడాల ఆటలు పది రోజులు సాగుతాయి.

సింహళ లిపి మన తెలుగులా గుండ్రంగా ఉంటుందెందుకు?

రెండింటి తల్లీ బ్రాహ్మి లిపే. ఇద్దరం తాటాకు మీద గంటంతో రాశాం. గీతలు తిన్నగా లాగితే ఆకు చీలుతుంది కాబట్టి అక్షరాలు గుండ్రమయ్యాయని సాధారణంగా చెప్పే కారణం. భాష మాత్రం ద్రావిడం కాదు, పాళీ, ప్రాకృతాల వైపు చుట్టం. అందుకే పలకరింపు ‘ఆయుబోవన్’ మనకు వెంటనే అర్థమవుతుంది, ఆయుష్షు కలగాలని దీవెన. బుద్ధుడి బోధలను మొదటిసారి ఆకుల మీదకి ఎక్కించింది కూడా ఈ దేశంలోనే, క్రీ.పూ. 1వ శతాబ్దంలో, మాతలె దగ్గరి అలువిహార గుహల్లో. కరువుకాలంలో, కంఠస్థం చేసినవాళ్లు చనిపోతే ధర్మం పోతుందన్న భయంతో రాశారు.

సిలోన్ టీకి అంత పేరెలా వచ్చింది?

ముందు అక్కడ ఉన్నది కాఫీ. 1869లో మొదలైన ఆకుతుప్పు తెగులు ఆ తోటలను తుడిచిపెట్టింది. అంతకు రెండేళ్ల ముందే, 1867లో, జేమ్స్ టేలర్ అనే స్కాట్లండ్ మనిషి లూల్‌కందుర తోటలో 19 ఎకరాల్లో తేయాకు వేశాడు. కొండలన్నీ పచ్చబడ్డాయి. కానీ ఆ పచ్చదనం తమిళనాడు పల్లెల నుంచి వెళ్లిన కూలీల చెమట. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే వాళ్లలో అత్యధికులకు పౌరసత్వం లేకుండా చట్టం చేశారు. 1964 ఒప్పందం ప్రకారం లక్షలమందిని ఇండియాకు పంపారు. మిగిలినవాళ్లకు పూర్తి పౌరసత్వం 2003లో దక్కింది. ఎల్లా దగ్గర తొమ్మిది తోరణాల వంతెన మీద ఫొటో దిగేవాళ్లు, ఆ రైలుకిటికీలోంచి కనిపించే, తోట కూలీలుండే లైను ఇళ్లను కూడా చూడాలి.

యుద్ధం ఎందుకు వచ్చింది?

చాలా కారణాలున్నా మొదట చెప్పాల్సింది భాష. 1956లో సింహళాన్ని ఒక్కదాన్నే అధికార భాష చేశారు. తమిళుల ఉద్యోగాలు, గౌరవం దెబ్బతిన్నాయి. 1981లో యాళ్పాణం (జాఫ్నా) గ్రంథాలయాన్ని తగలబెట్టారు, సుమారు 97,000 పుస్తకాలు, తాళపత్రాలు బూడిదయ్యాయి. 1983 జూలైలో తమిళుల మీద దాడుల తర్వాత ప్రభుత్వ సైన్యానికీ తమిళ టైగర్లకూ మధ్య పూర్తి యుద్ధం మొదలై 2009 మేలో ముగిసింది. 80 వేల నుంచి లక్షమంది చనిపోయారని ఐక్యరాజ్యసమితి అంచనా. కనిపించకుండా పోయిన పిల్లల ఫొటోలు పట్టుకుని ఉత్తరంలో తల్లులు ఇప్పటికీ రోడ్డుపక్క కూర్చుంటున్నారు. మధ్యలో 2004 డిసెంబరు 26 సునామీ 30 వేల మందికి పైగా పొట్టనపెట్టుకుంది. గ్రంథాలయాన్ని మళ్లీ కట్టారు. తెల్లటి భవనం, చూసి రండి.

మొదటి మహిళా ప్రధాని అక్కడేనా?

అవును, ప్రపంచంలోనే మొదటివారు సిరిమావో బండారనాయకె, 1960 జూలై 21. మగవాళ్లకూ ఆడవాళ్లకూ ఓటు హక్కు మాత్రం 1931లోనే వచ్చింది, మనకన్నా ఇరవై ఏళ్ల ముందు.

కళ్లు దానం చేసే దేశమంటారు, నిజమేనా?

నిజమే. 1961లో డాక్టర్ హడ్సన్ సిల్వా మొదలుపెట్టిన నేత్రదాన సంఘం సొంత దేశానికి సరిపోగా మిగిలిన కార్నియాలను ఎన్నో దేశాలకు పంపుతోంది. దీని వెనక ఒక జాతక కథ ఉంది. మనకు పావురం కోసం తొడ కోసిచ్చిన శిబి చక్రవర్తి తెలుసు. బౌద్ధుల శిబి తన కళ్లు పీకి గుడ్డివాడికి ఇచ్చాడు. చిన్నప్పటినుంచీ ఆ కథ విన్నవాళ్లకు నేత్రదానం కొత్తగా అనిపించదు.

తిండి మనకు పడుతుందా?

కారం విషయంలో గుంటూరువాళ్లకూ లోటు ఉండదు. అప్పం, ఇడియాప్పం, కొబ్బరి తురుముతో ఎర్రగా దంచే పోల్ సంబోల్ తినండి. కొబ్బరిపాలతో వండిన అన్నం, కిరిబత్, కొత్త ఏడాది రోజు, శుభకార్యాల్లో తప్పనిసరి. శాకాహారులు ఒకటి గమనించాలి: సంబోల్‌లో, కూరల్లో ఎండు చేప పొడి వేసే అలవాటుంది, అడిగి తినండి. మట్టిపిడతలో గేదె పెరుగు, మీద కితుల్ పాకం పోసి ఇస్తారు. కితుల్ అంటే మన ఏజెన్సీలో కల్లు గీసే జీలుగ చెట్టే.

ఎప్పుడు వెళ్లాలి? పాటించాల్సినవి?

రెండు రుతుపవనాలు రెండు వైపులా పడతాయి. డిసెంబరు నుంచి మార్చి దాకా దక్షిణ, పశ్చిమ తీరాలు, కొండలు బాగుంటాయి. మే నుంచి సెప్టెంబరు దాకా తిరుకోణమలై వైపు. ఆగస్టు, సెప్టెంబరుల్లో మిన్నేరియకు వెళితే ఏనుగుల గుంపులు కనిపిస్తాయి. అది కూడా మహాసేనుడి చెరువే. ఎండకు నీళ్లు వెనక్కి తగ్గి లేతగడ్డి మొలిస్తే, వందల ఏనుగులు మేతకు దిగుతాయి.

ప్రతి పున్నమి ‘పోయ’ సెలవు, ఆ రోజు మద్యం అమ్మరు. గుడిలో చెప్పులు, టోపీ తీయాలి, మోకాళ్లు, భుజాలు కప్పుకోవాలి. బుద్ధుడికి వీపు పెట్టి ఫొటో దిగడం వాళ్లకు బాధ కలిగిస్తుంది, దయచేసి చేయకండి.

అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు. అహికుంతకలని పిలిచే సంచార జాతి ఇంట్లో మాట్లాడేది తెలుగే. పాములాడించడం, కోతులాడించడం, చెయ్యి చూసి సోది చెప్పడం వాళ్ల పాత వృత్తులు. తరాల కిందట దక్షిణ భారతం నుంచి వెళ్లారు. ఇప్పుడు అనూరాధపురం వైపు కుడాగమలో, తూర్పున అలిగంబె లాంటి ఊళ్లలో స్థిరపడ్డారు. ఎప్పుడూ బడిలో నేర్పని, రాయని తెలుగు అది. పిల్లలు సింహళ, తమిళ బడులకు వెళుతున్నారు, పెద్దవాళ్ల మాట వాళ్ల నోట తగ్గిపోతోంది. కుడాగమ వైపు వెళ్లే తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్ల గుడిసె ముందు పాము బుట్ట తెరవమని అడగకండి. కూర్చుని తెలుగులో పలకరించండి.